తనదా, తనదే? లెర్నెడ్ హ్యాండ్ మాట, ఒక పద్యం

అందరికీ నమస్కారం. అమెరికా ఫెడరల్ జడ్జి లెర్నెడ్ హ్యాండ్ 1944 మేలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో, కొత్తగా పౌరులైనవాళ్ళ ముందు చేసిన చిన్న ప్రసంగం తెలుగు చేస్తున్నా. స్వేచ్ఛా స్ఫూర్తి అంటే ‘తనదే రైటని మరీ నమ్మేసుకోని’ స్ఫూర్తి అంటాడే, అక్కడ మూడ్రోజులుగా ఆగిపోయా. ‘తనది’ అంటే చప్పగా ఉంది, ‘తనదే’ అంటే ఆయన అననిది నేను అంటగట్టినట్టుంది. పైగా దీనికి అతికినట్టుండే పద్యం ఒకటి, అన్నీ తెలుసనుకున్న గర్వం పోయిందనేది, నోట్లో ఆడుతోంది, ‘గతమయ్యె నితాంత గర్వమున్’ అని అయిపోతుంది, ఎత్తుగడ గుర్తు రావట్లా.

– ఏనుగు లక్ష్మణకవి అండీ. తెలివి యొకింత లేని యెడ తృప్తుడనై కరిభంగి...

– తృప్తుడు కాదు మాష్టారూ, దృప్తుడు! పొగరెక్కినవాడు. తృప్తి పడ్డవాడికి ఏనుగు పోలిక ఎందుకు?

– చెరుకుతోటలో పడ్డ ఏనుగుని మీరు చూళ్ళేదేమో :) జోకు పక్కనపెడితే, ‘ఎడన్’ అని ద్రుతం, అంటే చివర న్, ఉందనుకోండి, తర్వాతి త కాస్తా ద అవుతుంది, కింది పాదంలో ‘సర్వమున్ దెలిసితినంచు’ అయినట్టే. అంటే పైకి దృ కనపడుతున్నా లోపల ఉన్నది తృప్తుడే కావచ్చుగా. యతి కూడా ఏదీ తేల్చదు, తె కి రెండూ సరిపోతాయి.

– దీని సంస్కృత మూలంలో భర్తృహరి ‘ద్విప ఇవ మదాంధః’, ఏనుగులా మదంతో కళ్ళు మూసుకుపోయి, అన్నాడండీ. మదంలో తృప్తి ఎక్కడిది?

– అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నేను వకీలుని. ముందు, లెర్నెడ్ అంటే ఇక్కడ పండితుడని కాదు, వాళ్ళమ్మ పుట్టింటి ఇంటిపేరు. ప్రెసిడెంటు టాఫ్ట్ 1909లో జిల్లా జడ్జిని చేశాడు, తర్వాత ప్రెసిడెంటు కూలిడ్జ్ 1924లో అప్పీల్ కోర్టుకి పంపాడు, సుప్రీంకోర్టుకి మాత్రం వెళ్ళనేలేదు. మాకు ఆయనంటే 1947 నాటి పడవ కేసు. న్యూయార్క్ రేవులో పిండి సరుకున్న పడవ కట్టు తెగి, కొట్టుకుపోయి, ట్యాంకరు ప్రొపెల్లర్ తగిలి చిల్లుపడి మునిగింది, చూసుకోవాల్సినవాడు 21 గంటలుగా పడవలోనే లేడు. ప్రమాదం జరిగే అవకాశాన్ని నష్టంతో హెచ్చవేసి, వచ్చింది జాగ్రత్తకయ్యే ఖర్చుకంటే ఎక్కువైతే తప్పు నీదే అన్నాడు. అనుమానాన్ని కూడా అలా తూకం వేసే మనిషి ‘మరీ’ ఊరికే వాడడు. నమ్మకం ఉండొచ్చు, మోతాదు మించకూడదు, అంతే. మీరు ఏత్వం గురించి కొట్టుకుంటున్నారు గానీ వాక్యం బరువంతా ‘మరీ’ మీదుంది.

– బావుంది సార్, కానీ ‘తనదే’లో ఆ మోతాదు ముందే మించిపోయింది కదా, మళ్ళీ ‘మరీ’ ఎందుకు?

– డిక్షనరీని కోటగా కట్టుకుని కూర్చోవద్దని 1945 తీర్పులో రాసింది కూడా ఆయనే, ఈ గ్రూపుని చూసే రాసినట్టున్నాడు.

– మా తాతగారు తృప్తుడనే చదివేవారు మరి.

– మీ తాతగారికి నమస్కారం, కానీ దృప్తుడే.

– మా అటక మీద పాత అచ్చు ఒకటుంది. ‘యెడ’ పక్కన ఆ ద్రుతానికి గుర్తుగా అరసున్న ఉంటే తృప్తుడు, లేకపోతే దృప్తుడు. ఆదివారం దించి ఫొటో పెడతా.

– మరి నా ‘తనదే’ సంగతి?