కుల్లాయుంచితి కోక చుట్టితి: మా హోటల్ మామ చెప్పిన అర్థం

శ్రీనాథుడి చాటువు (కావ్యంలో భాగం కాకుండా విడిగా చెప్పిన పద్యం) ఒకదాని అర్థం మీద, అందులోని మాటల మీద చర్చ నడుస్తోంది కాబట్టి, నాకు దాన్ని నేర్పిన మనిషి గురించి చెప్పాలనిపించింది. ముందు పద్యం:

కుల్లాయుంచితి కోక చుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్
వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్ విశ్వస్త వడ్డింపగా
చల్లా యంబలి ద్రావితిన్ రుచులు దోసంబంచు పోనాడితిన్
తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయలేదా? నేను శ్రీనాథుడన్

గుంతకల్లు స్టేషన్ దగ్గర హోటల్లో ఆయన సప్లయర్. మేమంతా మామా అనేవాళ్లం. పోయిన నెల కాలం చేశారు. బళ్లారి, హుబ్బళ్లి, మద్రాసు, బొంబాయి, ఇలా రైలు పోయే ఊళ్లన్నిటా హోటళ్లలో పనిచేసి వచ్చిన మనిషి. ఇడ్లీ ప్లేటు పెడుతూ కథ ఎత్తుకునేవారు. సరిగ్గా మంచి పట్టులో ఉండగా సాంబారు బకెట్ తీసుకుని అవతలి టేబుల్‌కి వెళ్లిపోయేవారు. మిగతా కథ కోసం మేం ఇంకో వడ చెప్పుకుని కూర్చునేవాళ్లం.

కన్నడ రాజ్యమైన విజయనగరాన్ని ఏలిన ప్రౌఢదేవరాయల దర్శనం కోసం పడిగాపులు కాస్తూ కవి ఈ పద్యం చెప్పాడంటారు. కుల్లాయి అంటే టోపీ, కోక ఇక్కడ చీర కాదు, చుట్టుకునే బట్ట, కూర్పాసం అంగీ, తిలపిష్టం నువ్వులపిండి. దీన్ని చమత్కారమనో ఎత్తిపొడుపనో చాలామంది చదువుతారు. మామ చదివే తీరు వేరు.

"పైనుంచి కిందికి చూడప్పా. ముందు తల మీదికి టోపీ వచ్చింది. తర్వాత కోక, అంగీ. ఆ తర్వాత తిండి. కడకు నాలుకను కూడా వాళ్లకే ఇచ్చేసినాడు. ఇంక మిగిలింది పేరొకటే."

బొంబాయిలో ఆయనకూ టోపీ పెట్టి యూనిఫాం తొడిగారట. అక్కడ ఎవరూ పేరు పెట్టి పిలిచింది లేదు, అందరికీ మద్రాసీనే. చివరి పాదం చదివేటప్పుడు 'దయలేదా' దగ్గర గొంతు కాస్త తగ్గేది, 'నేను శ్రీనాథుడన్' దగ్గర హోటలంతా వినబడేది. నా మటుకు నాకు ఇదే సరైన అర్థం. ఆ రెండు మాటలకూ మధ్య 'కనుక' లేదు, 'అయినా' లేదు. అడగడం అడిగాడు, పేరు చెప్పి నిలబడ్డాడు.

ఒక్క చోట మాత్రం మామకు కవి మీద కోపం. విశ్వస్త అంటే భర్త పోయిన ఆడమనిషి. "వడ్డించినామెను కూడా కష్టాల లెక్కలో వేసినాడే! ఆమె అన్నం పెట్టిందప్పా!" అనేవారు. ఆనాటి నమ్మకాలు అలాంటివని సర్దిచెప్పబోతే, కడుపు నిండినవాడు ఆ మాట అనకూడదని కొట్టిపారేసేవారు. జీవితమంతా వడ్డించిన మనిషికి ఆ మాట తగలడం న్యాయమే.

ఆ చర్చలో కొందరు అడిగిన సందేహాలకు వస్తాను. 'దోసంబు' అంటే మనం తినే దోస కాదు, దోషానికి వికృతి. రుచులు కోరుకోవడమే తప్పనుకుని వదిలేశానని భావం. చల్లా యంబలి అంటే మజ్జిగ కలిపిన అంబలి. మా వైపు ఎండాకాలం అది లేకపోతే పొద్దు గడవదు. ఈ పద్యం శార్దూల వృత్తం. అందులో పాదం మొదట మగణం రావాలి, మూడూ గురువులే, అందుకే 'చల్లా' అని దీర్ఘం. చర్చలో ఒకరు 'రుచులు' బదులు 'రుచుల్' అని రాశారు. అలా చదివితే సగణం (రెండు లఘువులు, ఒక గురువు) రావలసిన చోట గణం చెడుతుంది. 'రుచులు' అనే ఉంచండి.