జిగురు తీసేసి స్క్రూలు పెడితే లైటు కేసులోకి నీళ్లు పోవా?

ప్రశ్న: రీఛార్జబుల్ లైటుకి ఏబీఎస్ (గట్టి ప్లాస్టిక్) కేసు డిజైన్ చేస్తున్నాను. ఇప్పుడు జిగురుతో అతికిస్తున్నాం. బ్యాటరీ పోతే మొత్తం చెత్తబుట్టకే. స్క్రూలకి మారితే తడి ఆగుతుందా?

జవాబు: ఆగుతుంది. కేసు అంచు గాడిలో సిలికాన్ ఓ-రింగ్ (నీళ్లు ఆపే రబ్బరు రింగు) పెట్టి, దాని మందంలో 20–25 శాతం నొక్కుకునేలా చూడండి. స్క్రూలన్నీ ఒకే సైజు, ఒకే తల ఉండాలి, ఒక్క స్క్రూడ్రైవర్‌తో పని అయిపోవాలి. ఏబీఎస్‌లో రంధ్రం స్క్రూ వ్యాసానికి దాదాపు 0.8 రెట్లు, ఆ రంధ్రం చుట్టూ ఉండే బాస్ (ప్లాస్టిక్ దిమ్మ) వ్యాసం 2 రెట్లు ఉండాలి. ఇత్తడి ఇన్సర్టులు (రంధ్రంలో దించే మర గొట్టాలు) గట్టివే కానీ, రీసైక్లింగ్‌లో ప్లాస్టిక్‌ని పొడి చేసేటప్పుడు బ్లేడ్లకి తగులుతాయి, వద్దు. తిరిగి బిగించేటప్పుడు స్క్రూని మొదట వెనక్కి తిప్పి, పాత మరలో ‘టక్’మని కూర్చున్నాకే బిగించాలి. లేకపోతే కొత్త మర కోసుకుని బాస్ అరిగిపోతుంది. ఈ మాట మాన్యువల్లో తప్పకుండా రాయండి.

మరో జవాబు: కేసు తెరుచుకున్నా బ్యాటరీని సోల్డర్ చేస్తే లాభం లేదు. కనెక్టర్ పెట్టండి. కేసుకి కార్బన్ బ్లాక్ రంగు మాత్రం వద్దండీ, రీసైక్లింగ్‌లో ప్లాస్టిక్‌లని వేరుచేసే సార్టింగ్ యంత్రాల ఇన్‌ఫ్రారెడ్ కిరణాలకి ఆ ప్లాస్టిక్ ఏదో తెలీదు. స్టిక్కర్ బదులు ఏ ప్లాస్టికో చెప్పే ఐఎస్ఓ 11469 గుర్తుని మోల్డులోనే చెక్కించండి.

ప్రశ్న వేసినవారు: పట్టుకునే చోట రబ్బరు పూత ఉంది, ఉంచొచ్చా?

జవాబు: ఏబీఎస్‌పై పోతగా వేస్తే రీసైక్లింగ్‌లో విడిపోదు. విడిగా తొడిగే స్లీవ్ చేయించండి.