సిడ్నీ, మెల్‌బోర్న్: నేల తీరు, వీధుల తీరు, తీరిక వేళ

ప్రశ్న (తీరవాసి):

ఆస్ట్రేలియాలోని ఈ రెండు నగరాల పోటీ పాతదే. 1901లో సమాఖ్య ఏర్పడినప్పుడు రాజధాని హోదాను ఒకరికొకరు వదులుకోలేకపోవడం వల్లే కాన్‌బెర్రా అనే మూడో నగరాన్ని కట్టుకోవలసి వచ్చింది. ఉద్యోగరీత్యా ఈ రెండింటిలో ఒకచోట స్థిరపడే అవకాశం మాకు వచ్చింది. జీతాలు, అద్దెలు, బడుల గురించి సమాచారం ఇప్పటికే సేకరించుకున్నాము కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. నేల తీరు, వీధుల అమరిక, తీరిక వేళల్లో గడిపే చోట్లు, ఈ మూడింటి దృష్టితో పోల్చి చెప్పగలరా? డెబ్బై దాటిన మా అమ్మానాన్నలు ఏటా కొన్ని నెలలు మాతోనే ఉంటారు. వారు కారు నడపరు, కానీ ఉదయం, సాయంత్రం నడవనిదే వారికి తోచదు.

సమాధానం (పాదచారి):

సిడ్నీ వీధులు అర్థం కావాలంటే ముందు అక్కడి నీటిని చూడాలి. చివరి మంచుయుగం తరువాత సముద్రమట్టం పెరిగి, ఇసుకరాతి కొండల మధ్యనున్న నదీలోయ మునిగిపోగా ఏర్పడినదే పోర్ట్ జాక్సన్ రేవు. అందుకే అది నిండైన అఖాతంలా కాక, చేతివేళ్లలా లోపలికి చొచ్చుకుపోయిన పాయలతో ఉంటుంది. ప్రతి పాయ చివరా ఒక చిన్న ఇసుక తీరమో, పడవల రేవో ఉంటుంది, రెండు పాయల మధ్య నిటారుగా లేచే గట్టు ఉంటుంది. 1788లో బ్రిటిష్ వలస తొలి గవర్నరు ఆర్థర్ ఫిలిప్ దిగినప్పుడు తాగునీరిచ్చిన ట్యాంక్ స్ట్రీమ్ అనే వాగును ఆనుకుని తొలి బాటలు పడ్డాయి. ఆ వాగు ఇప్పుడు నగరం నడిబొడ్డున నేల కింద పారుతోంది, పైన వీధులు మాత్రం ఆనాటి ఇరుకును పూర్తిగా వదిలించుకోలేదు.

దీని ఫలితం రోజువారీ ప్రయాణంలో తెలుస్తుంది. పటంలో ఎదురెదురుగా కనిపించే రెండు పేటల మధ్య నీరు అడ్డొస్తే, చుట్టూ తిరిగి వెళ్లాలి లేదా ఫెర్రీ ఎక్కాలి. ఉత్తరాన ఉన్న సముద్రతీర పేటలకు నేటికీ రైలు లేదు. కానీ ఆ అడ్డంకే అక్కడి పెద్ద వినోదం కూడా. నగర కేంద్రంలోని పడవల రేవు సర్క్యులర్ కీ నుంచి సముద్రతీర పేట మ్యాన్లీకి వెళ్లే ఫెర్రీ దాదాపు అరగంట ప్రయాణం. ఆపెరా హౌస్‌ను, 1932లో తెరిచిన హార్బర్ వంతెనను, రేవు ముఖద్వారం దగ్గరి కెరటాలను మామూలు బస్సు ప్రయాణికుడిలా కూర్చునే చూడవచ్చు.

పెద్దవారి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. బాండై నుంచి కూజీ వరకు సాగే ఆరు కిలోమీటర్ల తీరపు నడక ఎంత అందమైనదైనా మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవారికి అది కష్టమే. వారికి 1816 నాటి బొటానిక్ గార్డెన్‌లో నీటి అంచు వెంట ఉన్న బాట, లేదా విశాలమైన సెంటెనియల్ పార్క్ మేలు. ఫెర్రీ ఎక్కే వంతెనపలక వాలు కూడా ఆటుపోట్లను బట్టి మారుతుంది, పక్కన ఒకరు ఉంటే మంచిది.

సమాధానం (పట్టాలబండి):

పాదచారి గారు చెప్పినది నిజమే, అయితే నీరే దారి చూపిన నగరానికి ఎదురుగా, గొలుసుతో కొలిచి గీసిన నగరాన్ని నిలబెట్టి చూడండి. 1837లో రాబర్ట్ హాడిల్ అనే సర్వేయర్ యారా నదికి సమాంతరంగా ఒక మైలు పొడవు, అర మైలు వెడల్పుతో మెల్‌బోర్న్ గ్రిడ్‌ను, అంటే నిలువు, అడ్డ వీధుల చట్రాన్ని గీశాడు. ప్రధాన వీధులు 99 అడుగులు, వాటి మధ్య ‘లిటిల్’ పేరుతో వచ్చే చిన్న వీధులు 33 అడుగులు. ఆ చిన్న వీధులను పెద్ద స్థలాలకు వెనుక దారులుగా ఉద్దేశించారు. తరువాత స్థలాలు ముక్కలైన కొద్దీ వాటి మధ్య సందులు పుట్టాయి. నేడు కాఫీ దుకాణాలతో, గోడల నిండా బొమ్మలతో జనాన్ని రప్పిస్తున్నవి ఒకప్పుడు సరుకు దించుకోవడానికి, చెత్త తీసుకుపోవడానికి వాడిన ఆ సందులే.

గీతలు తిన్నగా ఉన్నంత మాత్రాన నేల ఊరుకోదు. ఎలిజబెత్ స్ట్రీట్ పాత వాగు దారి మీదే ఉంది, 1972 ఫిబ్రవరిలో కుండపోత పడినప్పుడు ఆ వీధి మళ్లీ వాగై పారింది. హాడిల్ గ్రిడ్‌లో జనం గుమిగూడే మైదానానికి చోటే లేకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ఎదుట ఫెడరేషన్ స్క్వేర్ 2002లో గానీ రాలేదు.

ఆ వెడల్పాటి వీధులే ట్రాములను కాపాడాయి. సిడ్నీ తన పాత ట్రాములను 1961 నాటికి పూర్తిగా తీసేసింది, ఆపెరా హౌస్ ఉన్న స్థలంలో అంతకుముందు ఉన్నది ట్రామ్ డిపోయే. మెల్‌బోర్న్ మాత్రం వాటిని నిలుపుకుంది. దాదాపు 250 కిలోమీటర్ల ఆ పట్టాలు నేడు ప్రపంచంలోనే అతి పెద్ద ట్రామ్ వ్యవస్థ, నగర కేంద్రంలో 2015 నుంచి ప్రయాణం ఉచితం. అక్కడి కొన్ని కూడళ్లలో కుడివైపు తిరగాలనుకున్న కారు ఎడమ అంచుకు జరిగి, అడ్డవీధికి పచ్చదీపం వెలిగే వరకు ఆగి, అప్పుడే తిరగాలి. ట్రామ్‌కు అడ్డు రాకూడదన్నదే ఆ నియమం. పాత ట్రాములు కొన్నింటికి ఎత్తైన మెట్లున్నాయి కనుక, మీ అమ్మానాన్నలు ఎత్తు తక్కువ ట్రామ్ వచ్చే వరకు ఆగడం మంచిది.

తీరిక వేళల విషయంలో మెల్‌బోర్న్‌కు ప్రకృతి అంతగా ఇవ్వలేదు, ఉన్న లోటును మనుషులు క్యాలెండర్‌తో పూడ్చుకున్నారు. జనవరిలో టెన్నిస్, సెప్టెంబరులో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఫైనల్, నవంబరు మొదటి మంగళవారం గుర్రప్పందెం, ఆ పందెం కోసం ఏకంగా ప్రభుత్వ సెలవు! లక్ష మంది పట్టే మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం ఎమ్‌సీజీకి నగర కేంద్రం నుంచి నది పక్కగా నడిచి వెళ్లవచ్చు.

సమాధానం (పడమటిగాలి):

ఇద్దరూ నగర కేంద్రాల గురించే రాశారు. ఒక్కొక్కటి యాభై లక్షలు దాటిన ఈ నగరాల్లో అత్యధికులు రేవు పక్కనో హాడిల్ గీసిన దీర్ఘచతురస్రంలోనో ఉండరు. మనవారు ఎక్కువగా ఇల్లు వెతికేది సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్, హారిస్ పార్క్ వైపు, మెల్‌బోర్న్‌లో టార్నీట్ వైపు. అక్కడ పోలిక తారుమారవుతుంది. సముద్రపు గాలి సిడ్నీ పడమటి మైదానానికి చేరేసరికి నీరసిస్తుంది, 2020 జనవరి 4న పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. మెల్‌బోర్న్ పడమర అగ్నిపర్వత శిలల బల్లపరుపు నేల, చెట్టు తక్కువ, వాన తక్కువ, గాలి మాత్రం ఎక్కువ. టార్నీట్‌కు ట్రామ్ లేదు, రైలే దిక్కు.

వేసవిలో వేడికి తట్టుకోగలిగితే, పెద్దవారికి నేను సిడ్నీ పడమటి వైపున్న ప్యారమాటా పరిసరాలనే సూచిస్తాను. నది పక్కన పెద్ద ఉద్యానవనం ఉంది, రైలు తరచుగా ఉంటుంది, తొందర లేనప్పుడు గంటన్నరలో ఫెర్రీ మీద రేవుకు చేరవచ్చు.

తీరవాసి:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. నాన్నగారికి సముద్రస్నానమంటే ఇష్టం, కానీ ఈత అంతంత మాత్రమే. ఈ విషయంలో ఏ నగరం నయం?

పాదచారి:

మెల్‌బోర్న్ ఎదుట ఉన్నది మూడు వైపులా నేల కమ్మిన పోర్ట్ ఫిలిప్ అఖాతం, కెరటాలు చిన్నవి, సెయింట్ కిల్డా తీరానికి ట్రామ్ వెళుతుంది. నీరు మాత్రం సిడ్నీ కంటే చల్లన. సిడ్నీ మహాసముద్రపు తీరాల్లో లోనికి లాగే ప్రవాహాలుంటాయి, ఎరుపు, పసుపు జెండాల నడుమ తప్ప మరెక్కడా దిగనివ్వకండి. అక్కడ ఆయనకు సరిపోయేవి ఒడ్డు ఇసుకరాతిని ఆసరా చేసుకుని కట్టిన సముద్రపు కొలనులు. కూజీ, బ్రాంటీ, బాండై మూడింటి దగ్గరా ఉన్నాయి. పోటు సమయంలో అలలు గోడ మీదుగా దూకుతాయి కనుక, ఆటు వేళ చూసుకుని కమ్మీ పట్టుకుని దిగమని చెప్పండి, మెట్ల మీద పాచి ఉంటుంది.