మా ఎంపీ ఏ బిల్లుకు ఎటు ఓటేశారో ఎక్కడ చూడాలి?

మా లోక్‌సభ సభ్యుడి 2019–24 పనితీరును పట్టికగా రాసుకుంటున్నాను. హాజరు, ప్రశ్నలు, చర్చలు, ప్రైవేటు బిల్లుల (మంత్రులు కాని సభ్యులు పెట్టేవి) వివరాలు చట్టసభల పనితీరును నమోదు చేసే పీఆర్‌ఎస్ సంస్థ వెబ్‌సైటులో సులభంగానే దొరికాయి. (మంత్రులు హాజరు పుస్తకంలో సంతకం చేయరు, వారి సంగతి వేరు.)

చిక్కంతా ఓట్ల దగ్గరే. 2014లో మన పునర్విభజన బిల్లు లోక్‌సభ దాటినట్లే చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. అవునన్నదెవరో, కాదన్నదెవరో పేర్లుండవు. సభ్యులు పట్టుబట్టినప్పుడో, రాజ్యాంగ సవరణ బిల్లులకో డివిజన్ (ఎవరు ఎటో నమోదయ్యే ఓటింగు) జరిగితేనే లెక్క తేలుతుంది. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. ఆ 454లో మావారున్నారా, అసలు ఆ రోజు సభకే రాలేదా? చర్చల ప్రతుల్లో పేర్లుంటాయట గానీ, ఆ పేజీల గుట్టలో నాకు దారి దొరకడం లేదు.

‘విప్ (పార్టీ ఆదేశం) ఎటు చెబితే అటే కదా, ఎందుకీ శ్రమ’ అని మిత్రుడి ఎగతాళి. విప్‌ను ధిక్కరిస్తే పదవి పోవచ్చనే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం సంగతి నాకూ తెలుసు. అయినా గైర్హాజరు కూడా ఒక జవాబే కదండీ!

డివిజన్ జాబితాలను మాత్రమే విడిగా చూసే మార్గం ఉందా? సభ్యులవారీగా ఎవరైనా ఇప్పటికే కూర్చి ఉంటే దయచేసి చెప్పగలరు.