అప్‌డేట్: రెయిషి టింక్చర్‌లో తెల్లటి తీగలు బూజు కాదు

చెట్టు మొదట్లో కోసుకొచ్చిన రెయిషి పుట్టగొడుగును ముందు ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆ పిప్పినే నీళ్లలో మరిగించి, టింక్చర్ (ఆల్కహాల్‌లో తీసే సారం) కోసం రెండు ద్రవాలూ కలిపితే తెల్లటి తీగలు తేలాయని, పారబోయాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మైక్రోబయాలజీ చెప్పే ఒక లెక్చరర్ మైక్రోస్కోప్‌లో చూశారు. బూజు పోగులు లేవు, ఈస్ట్ లేదు. అవి పాలీశాకరైడ్లట, అంటే పుట్టగొడుగులో ఉండే పొడవాటి చక్కెర గొలుసులు. వేడినీళ్లలో కరిగే ఈ పదార్థాలు ఆల్కహాల్ తగలగానే విడిపోయి ముందు తీగల్లా తేలి, తర్వాత మడ్డిలా అడుగున చేరతాయి. మీలో ఒకరు చెప్పిన ఇంటి పరీక్షా అదే తేల్చింది: కొంచెం మడ్డి తీసి గోరువెచ్చని నీళ్లలో కలిపితే చాలావరకు కరిగిపోయింది. బూజైతే అలా కరగదు.

మీలో కొందరు అనుమానించిన నీళ్ల ఉప్పదనం, సీసా మూత, ముక్కలు సరిగా ఎండకపోవడం... వీటిలో ఏదీ కారణం కాదు. వడకట్టమన్న సలహా పాటించలేదు. అసలు పిప్పిని మరిగించి కషాయం కాచిందే ఆ పాలీశాకరైడ్ల కోసం! వాడేముందు సీసా ఊపితే చాలు.

ఆల్కహాల్ శాతం లెక్క చూసుకోమన్న మాట మాత్రం బాగా పనికొచ్చింది. 60 శాతం ఆల్కహాల్‌కు అంతే కొలత చల్లారిన కషాయం కలిపితే 30 దగ్గర ఉంటుంది, నిలవకు ఢోకా లేదు. 20 కంటే తగ్గితే నిజంగానే పాడవుతుంది. పైన నూగులాంటి పొర కట్టినా, పులిసిన వాసన వచ్చినా పారబోయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా రెయిషి జోలికి వెళ్లొద్దు.