ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ప్రొటీన్ ఫోల్డింగ్ సమస్య తీరిపోయినట్టేనా?

కోడ్_రాసేవాణ్ణి:
2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం, ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రాం చేసిన హసాబిస్, జంపర్‌లకు ఇచ్చారు కదా. అమైనో ఆమ్లాల వరుస ఇస్తే చాలు, ఆ గొలుసు మడత పడ్డాక ప్రొటీన్ ఆకారం ఎలా ఉంటుందో ఆల్ఫాఫోల్డ్ చెప్పేస్తోంది. 20 కోట్లకు పైగా ఆకారాలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అయినా "ఫోల్డింగ్ ఇంకా తేలలేదు" అని కొందరు ఎందుకు పట్టుబడతారో నాకు అర్థం కావట్లేదు. తేలిపోయింది, ఒప్పుకుంటే ఏం పోయింది?

కోల్డ్‌రూమ్:
నేను ఒప్పుకోనండీ. మడత పడ్డాక ఎలా ఉంటుందో చెప్పడం వేరు, అక్కడి దాకా ఎలా చేరుతుందో చెప్పడం వేరు. మేం బ్యాక్టీరియాలో ఒక ఎంజైమ్ తయారు చేయిస్తే అంతా ముద్దకట్టి అడుగుకి చేరింది. 8 మోలార్ యూరియాలో వేస్తే మడతలన్నీ విడిపోయి నీళ్లలా తేటగా కరిగింది. యూరియా మెల్లగా పోతే మళ్లీ మడత పడుతుందని చిన్న అణువుల్ని మాత్రమే బయటికి పోనిచ్చే డయాలసిస్ సంచిలో పోసి, రాత్రంతా 4 డిగ్రీల గదిలో ఉంచాను. పొద్దున చూస్తే సంచి నిండా తెల్లటి తునకలు, అచ్చం విరిగిన పాలే. అదే వరుసకి ఆల్ఫాఫోల్డ్ ఇచ్చిన బొమ్మేమో ముదురు నీలం, అంటే దానికి పూర్తి నమ్మకం. బొమ్మ తప్పని అనను. దారిలో ఎక్కడ ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయో అది చెప్పదు, నాకు కావలసింది అదే.

కోడ్_రాసేవాణ్ణి:
అది బఫర్ (ప్రొటీన్‌ని ఉంచిన ద్రావణం) సమస్య అనిపిస్తోందండీ. ఆన్‌ఫిన్‌సెన్ అనే శాస్త్రవేత్త మడత విప్పి, మళ్లీ మడత పడనిచ్చిందీ యూరియాతోనే కదా? రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌లో 8 సిస్టీన్లు (ఒకరకం అమైనో ఆమ్లాలు) జతలు కట్టడానికి 105 రకాలున్నా, సరైన ఆ ఒక్కటే దానంతట అదే పట్టుకుంది. వరుసలోనే ఆకారం ఉందని దానితో తేలిపోయింది, 1972లో నోబెల్ కూడా ఇచ్చారు.

కోల్డ్‌రూమ్:
అది 124 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్, పైగా అక్కడున్నది పరీక్షనాళిక. కిక్కిరిసిన కణంలో కొన్ని ప్రొటీన్లు గ్రోఈఎల్ లాంటి చాపెరోన్ (మడత పడటానికి సాయపడే ప్రొటీన్) గుల్లలోకి వెళ్తే తప్ప సరిగ్గా మడత పడవు.

ఫిజియాలజీ_టీచర్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య రోగం సంగతి చూడండి. ఆ రోగంలో చెడేది సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్, దాన్లో 1480 అమైనో ఆమ్లాలు, చాలామంది రోగుల్లో 508వది ఒక్కటే ఉండదు. అంతమాత్రానికే మడత చెడుతుంది, కణం దాన్ని పైపొర దాకా పోనివ్వకుండా లోపలే ముక్కలు చేసేస్తుంది. ఇలా ఒక్కటి మారితే మడత నిలుస్తుందా లేదా అన్నది తేల్చడానికి ఆల్ఫాఫోల్డ్ పనికొస్తుందని దాన్ని చేసినవాళ్లు కూడా అనలేదు. రోగం ఉన్నది అక్కడే కదా, మరి తీరిందని ఎలా అంటాం?

కోడ్_రాసేవాణ్ణి:
సీఎఫ్‌టీఆర్ సంగతి నాకు తెలియదు, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆకారం కనుక్కోవడం వరకు తీరిందనే మాట మాత్రం వెనక్కి తీసుకోను. కోల్డ్‌రూమ్ గారూ, ఇంతకీ మీ ఎంజైమ్ ఏమైంది?

కోల్డ్‌రూమ్:
యూరియాని ఒకేసారి కాకుండా 8 నుంచి 4కి, 4 నుంచి 2కి దించుతూ, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం కలిపాక కొంత నిలిచిందండీ. మిగతాదంతా ఇంకా తునకలే.