హాలికులైన నేమి... ఆ తర్వాత "కౌ"నా, "కు"నా?

పొలంగట్టు: నాన్న పోయి ఏడాది కావస్తోంది. ఫలకం మీద, పోతనదని చెప్పే ఈ చాటుపద్యం చివరి రెండు పాదాలు చెక్కిద్దామని అక్కా నేనూ అనుకున్నాం: "బాల రసాల సాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్ / గూళల కిచ్చి యప్పడుపు గూడు భుజించుట కంటె సత్కవుల్ / హాలికులైన నేమి గహనాంతర సీమల కందమూల కౌ / ద్దాలికులైన నేమి నిజదార సుతోదర పోషణార్థమై." కావ్యాన్ని నీచులకిచ్చి బతకడం కంటే, ఆలుబిడ్డల పొట్ట కోసం నాగలి దున్నినా, అడవిలో దుంపలు తవ్వినా మేలే అని. దుక్కి రోజుల్లో నాగలి, దుక్కి లేనప్పుడు నలుగురి బావులూ తవ్వడం, ఇదీ నాన్న పని. పద్యాలన్నీ నాటకాల్లో విని పట్టినవే. "హాలికులైన నేమి" దగ్గర గొంతు పెంచి, "కందమూల కుద్దాలికులైన నేమి" అని దించేవాడు. అక్కేమో పుస్తకంలో "కౌ" ఉందంటోంది. రాయి చెక్కే ఆయన తొందర పెడుతున్నాడు. ఏది వేయమంటారు?

గణయతి: కౌ. హలం (నాగలి) నుంచి హాలికుడు పుట్టినట్టే కుద్దాలం (తవ్వే పనిముట్టు) నుంచి కౌద్దాలికుడు. తొలి అచ్చుకు వృద్ధి తప్పదు, అంటే "అ" "ఆ" అయినట్టే "ఉ" "ఔ" అవుతుంది.

పాతతాటాకు: వ్యాకరణం మీ వైపే ఉంది గానీ ఛందస్సు సాక్ష్యానికి రాదండోయ్. "కు" వేసినా తర్వాత "ద్దా" ఉంది కాబట్టి గురువే. అది పాదంలో ఇరవయ్యో అక్షరం, యతితో గానీ ప్రాసతో గానీ దానికి పని లేదు. వాళ్ల నాన్నగారి చెవి ఎక్కడా తూగు తప్పలేదు.

గణయతి: తూగినంత మాత్రాన మాట పుట్టదు. "తేన దీవ్యతి ఖనతి" (దానితో ఆడేవాడు, తవ్వేవాడు) అని పాణిని చెప్పింది ఇలాంటి తవ్వేవాళ్ల కోసమే.

నిఘంటువుపురుగు: అసలు కుద్దాలం అంటే పారా, పలుగా? పార అనే చదివాం. అడవిలో దుంప తియ్యాలంటే పార దేనికి పనికొస్తుంది? పలుగే అయ్యుండాలని నా వాదం.

పొలంగట్టు: నాన్నకు రెండూ కావాలి. పలుగుతో పెళ్లగించడం, పారతో ఎత్తడం. పలుగొక్కటే ఇచ్చి బావిలోకి దింపితే తిట్టేవాడు.

మందారం: నా అభ్యంతరం వేరే. "ఐన నేమి" అన్నప్పుడే దున్నేవాడు ఓ మెట్టు కింద ఉన్నాడని ఒప్పుకున్నట్టు కదా? కవి దిగొచ్చి హాలికుడవుతాడు. మీ నాన్నగారు ఎక్కణ్ణుంచీ దిగలేదు. ఆయన ఫలకం మీద ఇదెందుకు?

పాతతాటాకు: పద్యం మొదటి నుంచీ చదవండి. పోటీ నాగలికీ కవిత్వానికీ కాదు. కావ్యకన్యను కూళలకిచ్చి తినే పడుపుకూడు ఒక వైపు, నాగలి ఒక వైపు. నాగలే గెలిచింది. రాజాధములకు కావ్యమివ్వనంటూ "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి" అన్న పోతన ఇంకోలా ఎలా అంటాడు?

గణయతి: అది భాగవత అవతారికలోది. ఇది చాటువు, పోతనదని చెప్పుకుంటున్నాం, అంతే.

పాతతాటాకు: అంత తెగువ ఇంకెవరికుందో చెప్పండి, వాళ్లకే ఇచ్చేద్దాం.

మందారం: పోనీ "సత్కవుల్" తీసి "సజ్జనుల్" అంటే? గణాలు సరిపోతాయి.

పాతతాటాకు: సరిపోతాయి. మరమ్మతుకు నేను మాత్రం రాను.

పొలంగట్టు: ఆ పాదం మేం చెక్కించడం లేదండీ. నాకు పట్టుకున్నది చివరిది: "నిజదార సుతోదర పోషణార్థమై." మేమిద్దరం ఆడపిల్లలం. సుత అంటే కొడుకులేనా?

గణయతి: మంచి ప్రశ్న. "తో" దగ్గర ఆగండి. సుత + ఉదర అన్నా సుతోదరే, సుతా + ఉదర అన్నా సుతోదరే. గుణసంధి జరిగాక లోపల ఉన్నది కొడుకో కూతురో ఎవరూ చెప్పలేరు.

నిఘంటువుపురుగు: పక్కనే ఉన్న దార మాత్రం? సంస్కృతంలో పుంలింగం, పైగా నిత్య బహువచనం. ఇంట్లో ఒక్క ఇల్లాలే ఉన్నా "దారాః". ఆ సమాసంలో లింగం వెతకడమే దండగ.

పాతతాటాకు: కవి మనసులో కొడుకులే ఉండొచ్చు. వాళ్ల ఫలకం మీద వాళ్లు విడదీసుకున్నట్టే చదువుకుంటారు.

పొలంగట్టు: అక్క కాలేజీలో చేరిన ఏడాదే నాన్న ఎడ్లను అమ్మేశాడు. అందుకని సుతా + ఉదర అనే చదువుకుంటాం. మరి "కౌ" ఖాయమేనా? నాన్న నోట "కు"నే విన్నాను, అదే చిక్కు.

మందారం: ఫలకం పోతనదా, మీ నాన్నగారిదా? "కు" వేయించండి.

గణయతి: రాతి మీద అపశబ్దమా! దారిన పోయేవాడు మీ నాన్నగారినే తప్పుపడతాడు.

నిఘంటువుపురుగు: అంత పట్టింపు ఉంటే రెండో పాదం మాటేమిటి? మూడు పాదాల్లో ప్రాస "ల", "గూళల"లో మాత్రం "ళ".

గణయతి: లళలకు అభేదం, ప్రాసలో రెండూ ఒకటే లెక్క. చిన్నప్పుడే చదివి ఉంటారు.

నిఘంటువుపురుగు: చదివాను. భాగవతంలో పోతన అలా వేసిన పద్యం ఒకటి చూపించండి.

మందారం: అయ్యా, ఆవిడ అడిగింది "కౌ" గురించి.

పాతతాటాకు: వస్తున్నా, ముందు ఈ "ళ" సంగతి తేలనివ్వండి.